తాటిదుంగ వంతెన మీద ఇద్దరు

భోగి ముందు రాత్రి మా ఇంటి ఫోన్ వినాలి. రాజోలులో అమ్మ, అమలాపురంలో పిన్ని, కువైట్‌లో పెద్దక్క, హైదరాబాదులో నేను. అరిసెల పాకం సంగతి అమ్మ మొదలుపెట్టీ పెట్టకముందే పిన్ని సవరిస్తుంది, ఆ సవరింపు మీద అక్క నవ్వుతుంది, ఈలోగా నేను రైలు టికెట్ సంగతి ఎత్తుతాను. మా వైపు ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా నోరు కట్టుకుని కూర్చుంటే శ్రద్ధగా వింటున్నారనుకోరు, అలిగారనుకుంటారు. కనుమనాడు జగ్గన్నతోటలో పదకొండుమంది రుద్రులు ప్రభలెక్కి వచ్చి లోకక్షేమం మాట్లాడుకుంటారని నమ్మే సీమ మాది. నలుగురు ఒకేసారి మాట్లాడితే తప్పేముంది?

ఫోనుకు మాత్రం చాలాకాలం అదే తప్పు. దాన్ని దిద్దడానికి అర్ధ శతాబ్దం పైనే పట్టింది.

ఇంటి నుంచి ఎక్స్ఛేంజికి రెండే తీగలు. దూరాలు దాటే లైనుకు పోవడానికో జత, రావడానికో జత. ఈ రెండూ కలిసేచోట పొత్తు ఎప్పుడూ సరిగ్గా కుదరదు. లాకు తలుపుకు కొట్టుకుని కాలువ నీళ్లు కొన్ని వెనక్కి మళ్లినట్టు, మన గొంతులో కొంత మనకే తిరిగొస్తుంది. దగ్గరి ఊరికైతే తెలియదు. దూరం పెరిగేకొద్దీ మన మాట మనకే ఆలస్యంగా వినిపించి నాలుక తడబడుతుంది.

దీనికి తొలి మందును క్లార్క్, మేథెస్ అనే అమెరికన్ ఇంజనీర్లు 1925లో వివరించారు. పేరు ఎకో సప్రెసర్. ఎవరి గొంతు బలంగా ఉంటే వారి దారి తెరిచి, ఎదురు దారి మూసేయడమే దాని పని. పంటబోదె మీద తాటిదుంగ వంతెన లాంటిదన్నమాట. ఒకరు దాటేదాకా రెండోవారు గట్టున ఆగాలి. ఇద్దరూ ఎక్కారా, ఒకరు నీళ్లలో పడాల్సిందే. నెమ్మదస్తులకు సరిపోయింది. మాటకు మాట అందించుకునేవాళ్లకు ఎదుటివారి పదాల తలలో తోకలో తెగి చేరేవి.

1965 ఏప్రిల్ 6న ఎర్లీ బర్డ్ ఉపగ్రహం పైకి వెళ్లింది. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తు. గొంతు అక్కడిదాకా ఎక్కి దిగడానికి పావు సెకనుకు పైనే, జవాబు రావడానికి మళ్లీ అంత. అర సెకను ఎంతో కాదనిపిస్తుంది గానీ, మాటల్లో అది పెద్ద మౌనం. వినపడలేదేమోనని మనం మళ్లీ అడగబోతాం. సరిగ్గా అప్పుడే జవాబు వచ్చిపడుతుంది. పాత యంత్రం ఒకరి నోరు మూసేస్తుంది. “నువ్వు చెప్పు”, “కాదు, నువ్వే చెప్పు” అంటూ డబ్బులు కరిగిపోతాయి.

బెల్ ల్యాబ్స్‌లో జాన్ కెల్లీ, బెన్ లోగన్ దీన్ని తిరగేసి చూశారు. దారి మూయడం దేనికి? రాబోయే ప్రతిధ్వనికి అచ్చుగుద్దినట్టు నకలు చేసి, అసలులోంచి తీసేస్తే పోలేదా? కెల్లీ మామూలు మనిషి కాదు. 1961లో కంప్యూటర్ చేత పాట పాడించినవాళ్లలో ఒకడు. 1965 మార్చిలో, ఎర్లీ బర్డ్ ఎగరడానికి కొద్దిరోజుల ముందు, 41 ఏళ్లకే చనిపోయాడు.

అదే ఆలోచనను పట్టుకుని గణితంతో నిలబెట్టినవారిలో ముఖ్యుడు మన్‌మోహన్ సోంధీ. ఫిరోజ్‌పూర్‌లో పుట్టి, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివి, 1962లో బెల్ ల్యాబ్స్‌లో చేరాడు. 1967లో ఆయన వ్యాసం అచ్చయింది. ప్రతిధ్వని ఒక్కో లైనులో ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి నకలు ముందే చేసిపెట్టుకోలేం. యంత్రం ఒక అంచనా వేసి తీసేస్తుంది, ఇంకా ఏం మిగిలిందో విని అంచనా మారుస్తుంది. చారు రుచి చూస్తూ ఉప్పు సర్దినట్టే. తమాషా ఏమిటంటే, సోంధీ పేటెంటు అంకె 34,99,999. కెల్లీ, లోగన్‌లది 35,00,000. రెండూ పక్కపక్కనే వచ్చాయి, కెల్లీ చూడలేదు.

ఇక అయిపోయిందనుకునే వేళ పాత శత్రువే మళ్లీ ఎదురైంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే, మిగిలిన శబ్దంలో ఇవతలి మనిషి గొంతు కూడా కలుస్తుంది. యంత్రం అదంతా తన తప్పే అనుకుని, సరిగ్గా ఉన్న నకలును చెడగొట్టుకుంటుంది. కాబట్టి రెండు గొంతులు కలిసిన క్షణాన్ని పసిగట్టాలి. ఎలా?

1978లో డొనాల్డ్ డట్‌వైలర్ తన వ్యాసంలో గైగెల్ అనే వ్యక్తి పేరు మీద చెప్పిన పరీక్ష చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. తిరిగొచ్చే ప్రతిధ్వని అసలు గొంతులో సగానికి మించదని అనుకోవచ్చు. ఇవతలి శబ్దం, అవతలి నుంచి ఇందాక వచ్చిన గొంతులో అన్నిటికంటే పెద్దదానిలో సగాన్ని దాటితే, ఇక్కడ మనిషి మాట్లాడుతున్నాడని లెక్క. అప్పుడు నేర్చుకోవడం ఆపాలి, తీసివేయడం మాత్రం ఆపకూడదు. నాకు ఈ కథంతటిలో బాగా నచ్చేది ఈ చిన్న తెలివే. 1980 నాటికి ఈ యంత్రాంగం ఒక్క చిప్‌లో ఇమిడింది. ఇద్దరూ ఒకేసారి వంతెన దాటారు.

నలుగురైదుగురు కలిసే కాల్‌లో మధ్యనున్న యంత్రం ఒక్కొక్కరికీ వారి గొంతు తప్ప మిగతావన్నీ కలిపి పంపుతుంది. కొన్ని ఏర్పాట్లలో గట్టిగా వినిపించే ముగ్గురినే కలుపుతారు. మెల్లగా మాట్లాడే పిన్నికి అక్కడ చోటు దొరకదు.

అన్నిటికంటే మొండి చిక్కు ఇంకొకటి. ఒకే గదిలో పదిమంది, మధ్యలో ఒక్క ఫోను. ఒకే చెవిలో కలిసిపడిన గొంతుల్ని విడదీయడం ఎంత కష్టమో, రెండు చెవులకూ వేర్వేరుగా వినిపిస్తే ఎంత తేలికో కోలిన్ చెర్రీ 1953లోనే చూపించాడు. ఆ రెండో చెవి మేలును మన తెలుగువాడు, సోంధీ చదివిన బెంగళూరు సంస్థలోనే చదివిన బయ్య యజ్ఞనారాయణ మరో దారిలో అందుకున్నారు. మద్రాసు ఐఐటీలో ఏళ్ల తరబడి పనిచేసి, 2006లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి వచ్చారు. గొంతులో స్వరతంత్రులు టక్కున మూసుకునే ప్రతిసారీ ఒక చిన్న దెబ్బ పుడుతుంది. రెండు మైకులు పెడితే, ఒక మనిషి దెబ్బలన్నీ ఒకే తేడాతో ఆ రెండింటికీ చేరతాయి. పక్కన కూర్చున్న మనిషికి ఆ తేడా వేరు. ఈ కిటుకుతో, కలగాపులగపు శబ్దంలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టవచ్చని కుమారస్వామి, శ్రీరామమూర్తిలతో కలిసి 2007లో చూపించారు.

మొన్న భోగికి రాజోలులో అమ్మ ఫోను స్పీకర్‌లో పెట్టి పీట మీద ఉంచింది. చుట్టూ అత్తయ్యలు, పిల్లలు, అరిసెలు వత్తుతున్న పక్కింటామె. “ఒక్కొక్కళ్లు మాట్లాడండే!” అని కువైట్ నుంచి అక్క కేకేసింది. ఎవరు విన్నారో నాకు తెలియదు, ఆ సమయానికి నేనూ మాట్లాడుతున్నాను.