ఋతుచక్ర గాథలు: బళ్లారి సీమ

ఋతువులు ఎందుకు మారుతాయన్న ప్రశ్నకు ప్రాచీన సమాజాలు దేవతల కథల రూపంలో చెప్పుకొన్న సమాధానాలను ఋతుచక్ర గాథలు అంటారు. వీటిలో ప్రపంచమంతటా పేరుపొందినది గ్రీకుల డెమీటర్–పెర్సిఫొనీ గాథ. దానితో పోల్చి చదవదగిన గాథలు, తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే బళ్లారి సీమలో, కావ్యంలోనూ కోవెలలోనూ పల్లె ఆచారంలోనూ నిలిచి ఉన్నాయి. ఇక్కడ బళ్లారి సీమ అంటే 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి వదులుకొన్న దత్తమండలాలలోని పాత బళ్లారి జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇందులోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి, బళ్లారితో సహా మిగిలినవి మైసూరు రాష్ట్రంలోకి వెళ్లగా, 2021లో హోసపేట, హంపి ప్రాంతాలు విజయనగర జిల్లాగా వేరుపడ్డాయి.

గ్రీకు గాథకు ప్రాచీన ఆధారం హోమర్ పేరిట ప్రచారంలో ఉన్న స్తోత్రాలలో ఒకటి, అది సా.శ.పూ. 7–6 శతాబ్దాల నాటిదని పండితులు భావిస్తారు. తన కూతురు పెర్సిఫొనీని పాతాళాధిపతి హేడిస్ అపహరించగా, ధాన్యదేవత డెమీటర్ శోకంతో పైరు మొలవకుండా చేస్తుంది. దేవతలకు నైవేద్యాలు కూడా కరువై, చివరకు దేవరాజు జ్యూస్ పెర్సిఫొనీని తిరిగి రప్పిస్తాడు. అయితే పాతాళంలో దానిమ్మ గింజ తిన్న కారణంగా పెర్సిఫొనీ ఏడాదిలో మూడో వంతు అక్కడే గడపవలసి వస్తుంది. రోమన్ కవి ఓవిడ్ దీనిని సగం ఏడాదిగా మార్చాడు. ఆమె లేని కాలమే చలికాలమని సాధారణ వ్యాఖ్యానం. స్వీడన్ పండితుడు మార్టిన్ నిల్సన్ మాత్రం, మధ్యధరా ప్రాంతంలో నేల ఎండి బోడిగా ఉండేది వేసవిలోనే గనుక, కోత ముగిసినప్పటి నుంచి శరత్కాలపు విత్తు దాకా భూగర్భపు కొట్లలో దాగి ఉండే ధాన్యమే పెర్సిఫొనీ అని వాదించాడు. నల్లరేగడి పల్లెలలో జొన్నలను నేలలో తవ్విన పాతరలలో నిలవచేసే వాడుక ఎరిగిన బళ్లారి సీమ పాఠకుడికి ఈ వాదం చప్పున అందుతుంది.

గ్రీసులో వానలు చలికాలంలో కురుస్తాయి. బళ్లారి సీమలో ఏడాదికి సుమారు 500–600 మిల్లీమీటర్లుండే వర్షంలో పెద్ద భాగం భాద్రపద, ఆశ్వయుజ మాసాలలో పడుతుంది. కన్నడంలో ముంగారు అనే తొలివానలు తరచు మోసం చేస్తాయి, హింగారు అనే మలివానల మీదనే రేగడి భూముల జొన్న, శనగ ఆధారపడతాయి. అందువల్ల ఈ సీమ గాథలలో చలికీ వెచ్చదనానికీ నడుమ పోరు కనిపించదు. వాటి కేంద్రంలో ఉండేది నిరీక్షణ.

ఆ నిరీక్షణకు అత్యున్నత రూపం వాల్మీకి రామాయణంలోని కిష్కింధాకాండ. పంపాసరస్సు, ఋశ్యమూకం, మాల్యవంతం, మతంగ పర్వతం హంపి, ఆనెగొంది పరిసరాలలోనివేనని స్థానిక సంప్రదాయం దృఢంగా నమ్ముతుంది. సీత జారవిడిచిన నగల మూటను వానరులు దాచారన్న గుహను తుంగభద్ర ఒడ్డున నేటికీ చూపిస్తారు. కాండ పంపాతీరపు వసంతవర్ణనతో మొదలై, వాలివధ తరువాత వర్షర్తువులోకి, అక్కడి నుంచి శరత్తులోకి నడుస్తుంది. శ్రావణంతో ఆరంభమయ్యే నాలుగు వాన నెలలు దండయాత్రకు తగవని రాముడే నిర్ణయించి, కార్తికం వచ్చాక అన్వేషణకు పూనుకొమ్మని సుగ్రీవుడికి చెప్పి, మాల్యవంతమని కూడా అనే ప్రస్రవణగిరి గుహలో ఆగిపోతాడు. ఆకాశం సూర్యకిరణాలతో సముద్రజలాన్ని తాగి, తొమ్మిది నెలలు గర్భంగా మోసి వానను ప్రసవిస్తుందన్న అద్భుతమైన ఊహ ఇరవై ఎనిమిదవ సర్గలోనిది. ఋతువు పుట్టుకకు ఇంతకంటె పూర్ణమైన పౌరాణిక వివరణ మరొక చోట దొరకడం కష్టం.

నాగటిచాలులో దొరికి, అపహరణకు గురై, తుదకు భూమిలోకి వెళ్లిపోయిన సీతను పెర్సిఫొనీతో పోల్చడం సహజమే గాని, ఆ పోలికను ఒక హద్దు దాటి సాగదీయరాదు. డెమీటర్ కథలో వియోగం వల్ల ఋతువు పుడుతుంది, తల్లి శోకమే నేలను బీడు చేస్తుంది. కిష్కింధలో ఋతువు తన దారిన తాను వస్తుంది. నిండిన వాగులు, బురదైన బాటలు రాముడి వియోగాన్ని మరో నాలుగు నెలలు పొడిగిస్తాయి. పైరుకు ప్రాణమైన వానే విరహికి బాధ కావడం ఈ కథలోని లోతు.

విజయనగర రాజులు ఈ స్థలగాథను తమ నగరంలో కలుపుకొన్నారు. మాల్యవంతం మీద రఘునాథాలయం వెలసింది. రాజప్రాసాద ప్రాంతంలోని రామచంద్రాలయానికి మతంగ, మాల్యవంత గిరులతో దిక్కుల పొందిక ఉందని పరిశోధకులు జాన్ ఫ్రిట్జ్, జార్జ్ మిచెల్ చూపారు. 1520 ప్రాంతంలో పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ వర్ణించిన మహానవమి ఉత్సవం వానలు వెనకబట్టే కాలంలో, సైన్యాలను తీర్చి చూసుకొనే సందర్భంగా జరిగేది. మాల్యవంతం మీద రాముడి నిరీక్షణ ముగిసే ఋతువూ అదే.

రామకథకు పక్కనే, అంతకంటె స్థానికమైన పంపా–విరూపాక్షుల గాథ ఉంది. హేమకూటం మీద తపస్సులో ఉన్న శివుడిని వరించి పంప తపస్సు చేయగా, దేవతల ప్రేరణతో వసంతుడిని తోడు తెచ్చుకొన్న మన్మథుడు బాణం వేసి, మూడో కంటి మంటకు బూడిదవుతాడు. తరువాతి వివాహవేళ దేవతలు కురిపించిన బంగారు వానతో కొండకు హేమకూటమన్న పేరు వచ్చిందంటారు. విరూపాక్షాలయం చెంతనే మన్మథ గుండం ఉంది. ఆలయంలో చలికాలంలో ఫలపూజ అనే నిశ్చితార్థం, చైత్రంలో కల్యాణం, రథోత్సవం జరుగుతాయి. ఆ రెంటికీ నడుమ ఫాల్గుణంలో కాముని పున్నమి వస్తుంది. కోరిక దహనమై, రూపం లేని అనంగుడిగా మిగిలి, చిగురు తొడిగే మాసంలో పెళ్లిగా ఫలించే ఈ వరుసను ఏటేటా జరిగే వసంతగాథగా చదవడం సమంజసం.

పల్లెలలో జోకుమారస్వామి గాథ వేరే మట్టిలోంచి వచ్చింది. భాద్రపద శుద్ధ అష్టమి నుంచి పున్నమి దాకా ఏడు రోజులే బతికే ఈ దేవుడి మట్టిబొమ్మను, నోటికి వెన్న పూసి, వేపాకు పరిచిన బుట్టలో పెట్టి, బెస్త, అంబిగ కులాల స్త్రీలు ఇంటింటికీ మోసుకుపోయి పాటలు పాడి జొన్నలు పుచ్చుకొంటారు. అడ్డూ ఆపూ లేని కాముకుడైన ఆ యువకుడు చివరకు చాకలివారి చేతిలో చస్తాడు. అంతకు ముందే వచ్చి కుడుములు తిని వెళ్లిన వినాయకుడు భూలోకం చల్లగా ఉందని చెబితే, జోకుమారుడు మాత్రం పల్లెల కరువును చూసినట్టు శివుడికి నివేదించి వాన తెస్తాడని నమ్మకం. అందగాడైన యువకుడి చావును స్త్రీలు ఏడ్చి తలచుకొనే గ్రీకుల అడోనిస్ వ్రతం దీనికి దగ్గరి బంధువు: ఏథెన్సు స్త్రీలు పెంకులలో విత్తనాలు చల్లి, మొలిచి ఎండిన ఆ మొక్కలను నీటిలో కలిపేవారు. అడోనిస్ చావు ఎండకాలపు వాడుదలను గుర్తుచేస్తే, జోకుమారుడి చావు ఈ సీమలో వాన ముమ్మరించే పక్షంలో పడుతుంది. చంద్రశేఖర కంబార 1972లో జోకుమారస్వామి పేరుతో రాసిన కన్నడ నాటకం భూమి ఎవరిదన్న ప్రశ్నను ఈ గాథతో ముడిపెట్టింది.

నక్షత్రాల లెక్కలోనూ రెండు నాగరికతలు ఎదురుపడతాయి. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులను కార్తె అంటారు. జూన్ 8 ప్రాంతపు మృగశిరతో వానకార్తెలు మొదలవుతాయి. గ్రీకు కవి హెసియడ్ కృత్తికల ఉదయాన్ని కోతకు, అస్తమయాన్ని దుక్కికి గుర్తుగా చెప్పాడు. మృగశిర గ్రీకుల వేటగాడు ఒరాయన్‌లోని భాగమే. వేదవాఙ్మయంలో అది రుద్రుడి బాణం తగిలిన లేడి.

వాన తప్పినప్పుడు గాథ క్రతువుగా మారుతుంది. రోకలికి కప్పను కట్టి నీళ్లు పోయించే కప్పతల్లి ఆట, ధర్మరాజు ఉన్న దేశంలో సకాలంలో వానలు కురుస్తాయన్న భీష్ముడి మాట ఆసరాగా విరాటపర్వం చదివించడం ఈ కోవలోనివి. 1876–78 నాటి మహాక్షామం, తెలుగువారి నోట ధాత కరువు, ఈ సీమను ఘోరంగా దెబ్బతీసింది. 1953 నుంచి తుంగభద్ర ఆనకట్ట నీరు కాలువల కింద వరి సాగుకు వేరే కాలపట్టికను తెచ్చింది. కాలువ అందని మెట్ట పల్లెలలో విత్తు ఇప్పటికీ ఉత్తర, హస్త, చిత్త కార్తెల వాన మీదనే ఆధారపడుతుంది.