అదనపు వేగం, అదనపు వేడి: డెస్క్‌టాప్ కూలర్ల చరిత్ర

డెస్క్‌టాప్ కంప్యూటర్ల తొలి దశలో ప్రాసెసర్‌ను చల్లబరచడం ఒక ప్రత్యేక సమస్యగా ఎవరికీ తోచలేదు. 1980లలో వచ్చిన ఇంటెల్ 286, 386 ప్రాసెసర్లు సాధారణంగా పైన ఏమీ బిగించకుండానే పనిచేసేవి. 486 తరంలో హీట్‌సింక్, అంటే వేడిని గ్రహించి రెక్కల ద్వారా గాలిలోకి వదిలే లోహపు దిమ్మ, కనిపించడం మొదలై, 1993లో 5 వోల్టులతో నడిచే 60, 66 మెగాహెర్ట్జ్ పెంటియంలు వచ్చేసరికి దాని మీద చిన్న ఫ్యాన్ పెట్టడం మామూలైంది. అయితే ఎంత చల్లదనం సరిపోతుందో కొనుగోలుదారే లెక్క వేసుకోవలసిన పరిస్థితి ప్రధానంగా ఓవర్‌క్లాకింగ్‌తో, అంటే ప్రాసెసర్‌ను తయారీదారు నిర్ణయించిన పౌనఃపున్యం కంటే ఎక్కువ వేగంతో నడిపే అలవాటుతో, వచ్చింది.

ఆ అలవాటును సామాన్యులకు చేర్చినది 1998 ఆగస్టులో విడుదలైన ఇంటెల్ సెలెరాన్ 300ఏ. మదర్‌బోర్డు బస్సు, అంటే ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే మార్గం, వేగమైన 66 మెగాహెర్ట్జ్‌ను 4.5తో హెచ్చించి 300 మెగాహెర్ట్జ్‌తో నడిచే ఈ ప్రాసెసర్, బస్సును 100కు మారిస్తే చాలాసార్లు 450 వద్ద నిలకడగా పనిచేసేది. 149 డాలర్ల సరుకు అదే రోజున 669 డాలర్లకు విడుదలైన 450 మెగాహెర్ట్జ్ పెంటియం 2కు పోటీ కావడం కంటే పెద్ద ప్రలోభం ఏముంటుంది? ఏబిట్ బీహెచ్6 వంటి బోర్డుల్లో ఈ మార్పు సెట్టింగుల తెర మీదనే జరిగేది. ఆ వెసులుబాటు లేని బోర్డున్నవారు ప్రాసెసర్ అంచునున్న బీ21 అనే ఒక్క పిన్ను మీద సన్నటి టేపు ముక్క అంటించి, అది 100 మెగాహెర్ట్జ్ ప్రాసెసరేనని బోర్డును నమ్మించేవారు.

టేపు ముక్కతో వేగం దొరికినా వేడి విషయంలో అటువంటి దగ్గరి దారి లేదు. ప్రాసెసర్ పని చేస్తున్నప్పుడు వెలువడే వేడి పౌనఃపున్యానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. కాబట్టి వేగాన్ని ఒకటిన్నర రెట్లు చేసి, నిలకడ కోసం వోల్టేజిని 2.0 నుంచి 2.2కు పెంచితే వేడి దాదాపు 1.8 రెట్లవుతుంది. కూలర్ సామర్థ్యాన్ని ఉష్ణ నిరోధంతో, అంటే ఒక్కో వాటుకు గది ఉష్ణోగ్రత కంటే ఎన్ని డిగ్రీలు పెరుగుతుందన్న అంకెతో కొలుస్తారు. వాటుకు 0.2 డిగ్రీల నిరోధం గల కూలర్ కింద 200 వాట్లు వెలువడితే 25 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 65 వద్ద ఆగుతుంది. విజయవాడ మే నెలలో 40 డిగ్రీల గదిలో అదే కూలర్ కింద 80కి చేరుతుంది. చల్లని దేశాల్లో తయారైన సిఫారసు పట్టికలను ఇక్కడ యథాతథంగా నమ్మరాదనడానికి ఈ కూడిక చాలు.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో ఇంటెల్ పోటీదారు ఏఎండీ తెచ్చిన అథ్లాన్ ప్రాసెసర్ల కాలంలో బాగా తెలిసింది. 2000 సంవత్సరపు థండర్‌బర్డ్ అథ్లాన్‌లో సుమారు 120 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ ముక్క పైన ఏ లోహపు మూతా లేకుండా బయటికే ఉండేది. ఆ ప్రాసెసర్ ఉపరితలం మీదున్న కొన్ని తెగిన బంధాలను మామూలు పెన్సిలుతో, గ్రాఫైట్ విద్యుద్వాహకం కనుక, గీసి కలిపితే బస్సు వేగాన్ని హెచ్చించే గుణకానికి తయారీదారు వేసిన తాళం విడిపోయేది. ఆ తర్వాత కూలర్ బిగించడమే అసలు గండం: గట్టి స్ప్రింగు క్లిప్పును స్క్రూడ్రైవర్‌తో నొక్కేటప్పుడు హీట్‌సింక్ ఒక పక్కకు ఒరిగితే సిలికాన్ మూల పగిలేది, స్క్రూడ్రైవర్ జారితే బోర్డు మీది తీగలు తెగేవి. కూలర్ 300 గ్రాములు మించరాదని ఏఎండీ చెప్పినా, అల్యూమినియం కంటే వేడిని బాగా మోసినప్పటికీ బరువు మూడు రెట్లకు పైగా ఉండే రాగి దిమ్మలు ఆ హద్దును తరచుగా దాటాయి. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ పత్రిక నడుస్తున్న ప్రాసెసర్ల మీది కూలర్లను తీసివేసి చిత్రీకరించినప్పుడు, పెంటియం 4 తనంతట తాను వేగం తగ్గించుకుని బతికిపోగా, అథ్లాన్ క్షణాల్లో పొగ కక్కి మాడిపోయింది.

ఈ కూలర్ల మీద నిమిషానికి 7,000 చుట్లు తిరిగే డెల్టా కంపెనీ చిన్న ఫ్యాన్ల రొదను భరించలేనివారు కార్లలోని హీటర్ రేడియేటర్లను, అక్వేరియం పంపులను కలిపి నీటి వ్యవస్థలను సొంతంగా అమర్చుకున్నారు. నీరు ఈ రంగానికి కొత్తేమీ కాదు. ఐబీఎం 3081 వంటి పెద్ద యంత్రాలు 1980ల ఆరంభంలోనే నీటితో చల్లబడేవి. 2011లో ఏఎండీ ఎఫ్ఎక్స్ ప్రాసెసర్‌ను ద్రవ హీలియంతో 8.429 గిగాహెర్ట్జ్‌కు చేర్చిన గిన్నిస్ రికార్డును మాత్రం చల్లదనం అనడం కంటే ప్రదర్శన అనడమే సబబు.

2004లో వచ్చిన పెంటియం 4 ప్రెస్కాట్ నూరు వాట్లు దాటడం, పని లేనప్పుడు కూడా విద్యుత్తు కారిపోవడం, ఆ ఏడాదే ఇంటెల్ తన 4 గిగాహెర్ట్జ్ పథకాన్ని విరమించుకోవడం కూలర్ల తీరును మార్చాయి. 1963లో లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ రూపొందించిన హీట్ పైపు, అంటే లోపలి ద్రవం వేడి చోట ఆవిరై చల్లని చోట మళ్లీ ద్రవంగా మారి తిరిగి వచ్చే మూసిన గొట్టం, ఎత్తైన రెక్కల గోపురాలకు ఆధారమైంది. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా చాలినంత గాలి అందడంతో రొద తగ్గింది. 2009లో డెన్మార్క్ సంస్థ అసెటెక్ తయారు చేసిన కోర్సెయిర్ హెచ్50 నీటి వ్యవస్థను సీలు వేసిన వస్తువుగా మార్చింది. అయినా 2012 నాటి ఇంటెల్ ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో సిలికాన్‌కు, మూతకు మధ్య టంకం బదులు పేస్టు వాడారని తెలిశాక, ఎంత ఖరీదైన కూలరైనా పైనుంచి చేయగలిగింది పరిమితమేనని గ్రహించినవారు బ్లేడుతో ఆ మూతను కోసి తీశారు.

సెలెరాన్ రోజుల్లో తయారీదారు వాడకుండా వదిలేసిన వేగాన్ని కొనుగోలుదారు తీసుకున్నాడు. ప్రాసెసర్ తన వేగాన్ని తానే పెంచుకునే టర్బో విధానాలు వచ్చాక దానిని తయారీదారే ముందుగా వాడేస్తున్నాడు, వేడి బాధ్యత మాత్రం కొనుగోలుదారు మీదే ఉండిపోయింది. 2022లో వచ్చిన కోర్ ఐ9 13900కే ఏ ఓవర్‌క్లాకింగూ లేకుండానే 253 వాట్ల వరకు తీసుకోగలదు; అదే ఏడాది వచ్చిన రైజెన్ 9 7950ఎక్స్ పూర్తి భారంలో 95 డిగ్రీల దాకా వెళ్లేలా రూపొందింది. ఈ రెండింటి డబ్బాల్లోనూ కూలర్ ఉండదు.