వాల్వు నుండి చిప్పు వరకు

నల్లగొండ, పాలమూరు బండనేలలు వేసవిలో ప్రొద్దు గ్రుంకినను చల్లబడవు. 2015 మే నెలలో నల్లగొండ ఎండ 45 డిగ్రీలు దాటినది. అటువంటి ఎండలోనే ఒకనాడు మా ఇంటి కుర్రవాడు ల్యాప్‌టాప్‌లో ఆట ఆడుచుండగా బొమ్మలు తడబడినవి. యంత్రము పాడయినదని వాడు కంటతడి పెట్టినాడు.

మేము వానికి మా పాత వాల్వు రేడియో వెనుక అట్టను చూపితిమి. దాని రంధ్రములు వేడిగాలి పోవుటకే. 1946లో అమెరికాలో ప్రదర్శించిన ఎనియాక్ గణనయంత్రములో ఇంచుమించు 18,000 వాల్వులుండెడివి. అది 150 కిలోవాట్ల విద్యుత్తు త్రాగెడిది. ట్రాన్సిస్టర్లు వచ్చినపుడు వేడి పీడ విరగడయినదనుకొన్నారు. అవి చిన్నవైన కొలది ఒక్క చిప్పులో కోట్లుగా చేరినవి. వాటితో వేడియు చేరినది.

బొమ్మలు గీయు గ్రాఫిక్స్ చిప్పు తన వేడిని తానే కొలుచుకొని, హద్దు సమీపించగనే వేగము తగ్గించుకొనును. వాడు జబ్బనుకొన్నది ఈ జాగ్రత్తనే. మరల మరల కాగి చల్లారిన అతుకులు బీటలువారును. 2008లో ఎన్విడియా సంస్థ, తన ల్యాప్‌టాప్ చిప్పులు కొన్ని ఇట్లు చెడుచుండగా, 15 నుండి 20 కోట్ల డాలర్లు కేటాయింపవలసి వచ్చినది.

పంకా లాగునది గదిలోని గాలినే గదా! గది పది డిగ్రీలు వేడెక్కిన, చిప్పునకును దాదాపు అంత భారము. వాడు యంత్రమును పరుపు మీదినుండి బల్లపైకి మార్చి దుమ్ము దులిపినాడు, కొంత మేలు. పూర్తి వేగము మాత్రము తెల్లవారుజాముననే దొరకుచున్నది. ఆ వేళ పాఠములకని మా అభిప్రాయము.