ట్యాంకులో ఎంత మిగిలింది?

 ఎపిసోడ్‌లో మాట్లాడేటప్పుడు పేర్లు, సంవత్సరాలు గబగబా పోతయి. అందుకే అదే ముచ్చట ఇక్కడ నిమ్మళంగా రాస్తున్న. అంతరిక్ష నౌక నడిపే కంప్యూటర్ ఆటల చరిత్ర ఇది. ఊరికె కాల్చుడు, పేల్చుడు ఆటలు కావు. నిజంగానే నౌకలో కూర్చున్నట్టు, అది మన చేతుల ఉన్నట్టు అనిపించే ఆటలు. టవర్ క్రేన్ ఆపరేటర్లకు ట్రైనింగ్ ఇచ్చే సిమ్యులేటర్ చూసినవాళ్లకు సంగతి తొందరగా అర్థమైతది.

బొమ్మ ఎంత బాగుంటే అంత నిజం అనిపిస్తదని చాలామంది అనుకుంటరు. చరిత్ర చూస్తే అట్ల లేదు. ఈ ఆటల్లో మనిషిని లోపల కూర్చోబెట్టింది బొమ్మ కాదు, లెక్క. బరువెంత, వేగమెంత, ట్యాంకులో ఇంకెంత మిగిలింది, ఇదే.

1969 జూలై 20న ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి మీద దిగిన్రు. కంప్యూటర్ తీసుకుపోతున్న చోట పెద్ద పెద్ద బండరాళ్లు కనిపించినయి. ఆర్మ్‌స్ట్రాంగ్ నౌకను తన చేతిలోకి తీసుకుని, రాళ్లు దాటించి ముందుకు పోయి దించిండు. అప్పటికి దిగడానికి ఉన్న ఇంధనం నిమిషానికి కూడా సరిపోయేటంత లేదు.

ఆ కొన్ని నెలలకే అమెరికాలో లెక్సింగ్టన్ అనే ఊర్లో జిమ్ స్టోరర్ అనే హైస్కూల్ పిల్లగాడు, బళ్లో ఉన్న పీడీపీ-8 కంప్యూటర్ మీద ఒక ఆట రాసిండు. అందులో బొమ్మ లేదు, రంగు లేదు. మిషన్ కాగితం మీద అంకెలు కొడతది. ఎత్తు 120 మైళ్లు, వేగం గంటకు 3,600 మైళ్లు, ఇంధనం ఇంత. పది సెకన్లకు ఒకసారి నిన్ను అడుగుతది, ఇప్పుడు సెకనుకు ఎన్ని పౌండ్లు మండించాలె అని. సున్నా అయినా కొట్టాలె, లేకుంటే 8 నుంచి 200 లోపల ఏదో ఒకటి. భయపడి ముందే మండిస్తే పైన్నే ట్యాంకు ఖాళీ అయితది, కిందికి రాయి పడ్డట్టు పడతవు. ఆలస్యం చేస్తే నేలను గుద్దుతవు.

హుక్కుకు కాంక్రీట్ బకెట్ వేలాడుతుంటే కిందికి దించే ఆపరేటర్‌ను చూడుండ్రి. యాభై మీటర్లు చకచకా దించుతడు, ఆఖరి రెండు మీటర్ల కాడ చెయ్యి మెత్తగైతది. ఆ కాగితం ఆటలో చెమటలు పట్టేది కూడా ఆ చివర్లనే.

దీని మీద ఒక చిత్రమైన సంగతి ఉంది. 55 ఏళ్ల తర్వాత, 2024లో మార్టిన్ సి. మార్టిన్ అనే ఆయన, అన్నిటికంటే తక్కువ ఇంధనంతో దిగడం ఎట్లా అని ఈ పాత ఆటను పట్టుకుని లెక్కలు చేసిండు. లెక్క కుదరలే. వెతికితే ఒక సూత్రంలో రెండుతో భాగించుడు తప్పిపోయినట్టు తేలింది. అన్నేండ్లు ఎవరి కంట్ల పడలే!

ఇంతకుముందు కూడా ఒకటి ఉంది. 1962లో ఎంఐటీలో స్టీవ్ రస్సెల్, ఆయన దోస్తులు స్పేస్‌వార్ చేసిన్రు. అందులో రెండు నౌకలు, నడుమ గుంజే నక్షత్రం. వెనుక కనిపించే చుక్కలు మాత్రం నిజమైన ఆకాశంలో ఎట్లుంటయో అట్లనే పెట్టిన్రు. 1979లో అటారీ కంపెనీ చంద్రుడి మీద దిగే ఆటను పైసలు వేసి ఆడే మిషన్ చేసింది. ఇంకో బిళ్ల వేస్తే ఇంకింత ఇంధనం. మన ఫోన్ రీఛార్జ్ లెక్క.

ఇక అసలు మలుపు 1984. ఏప్రిల్‌లో మన రాకేశ్ శర్మ సోయజ్‌లో పోయివచ్చిన ఏడాదే. ఆ సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లో ఎలైట్ అనే ఆట వచ్చింది. చేసింది డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కేంబ్రిడ్జ్ విద్యార్థులు. బీబీసీ మైక్రో అనే ఆ కంప్యూటర్ మెమరీ 32 కిలోబైట్లు. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో కూడా అందులో పట్టదు. కానీ ఆ ఇద్దరు అందులో 8 గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 గ్రహాలు పట్టించిన్రు. ఎట్లంటే, గ్రహాలను దాచిపెట్టలే. కొన్ని మూల అంకెలు పెట్టి, అవసరమైనప్పుడల్లా వాటి నుంచి పేరు, జాగ, ధరలు లెక్క కట్టించిన్రు.

మొదలు పెట్టేటప్పుడు నీ చేతుల వంద క్రెడిట్లు, ఒక నౌక. నింపిన ట్యాంకుతో ఏడు కాంతి సంవత్సరాలు పోవచ్చు. పంట పండే గ్రహంల తిండిగింజలు కొని, ఫ్యాక్టరీలున్న గ్రహంల అమ్ముకోవాలె. (వంద చిన్న పైసలే, కానీ ఏజెంటుకు మిత్తి కట్టేది లేదు. మనలో ఎంతమందిమి అట్ల మొదలుపెట్టినం?) స్టేషన్ గుండ్రంగా తిరుగుతుంటది, దాని తలుపు సన్నగా ఉంటది. నౌకను అదే వేగంతో తిప్పుకుంట మెల్లగా దూరాలె. గీతలతో గీసిన బొమ్మలే, లోపలికి దూరినంక మాత్రం ఊపిరి వదులుతరు.

ఆ రోజుల్లో ఆట అంటే మూడు ప్రాణాలు, పది నిమిషాలు, చివరికి స్కోరు. ఒక పెద్ద కంపెనీ ఇవేవీ లేవని ఎలైట్‌ను వద్దన్నది. ఇందులో ఏం చెయ్యాలో చెప్పేవాడు లేడు. వ్యాపారం చేస్తవా, దొంగలను కొడతవా, ఊరికె తిరుగుతవా, అది నీ ఇష్టం. నా మటుకు నాకు ఆ ఆట గొప్పతనం గెలాక్సీల లెక్క కంటే ఇందులోనే ఎక్కువ కనిపిస్తది. పొద్దున నాలుగుకు బస్సు, సాయంత్రం టైంషీట్ మీద సంతకం, నడుమ అన్నీ వేరేవాళ్లు చెప్పిన పనులు చేసే మనిషికి, ఎటు పోవాలో తానే అనుకునే ఒక గంట చిన్న సంగతి కాదు.

అదే బ్రాబెన్ కంపెనీ 2014 డిసెంబర్‌లో ఎలైట్ డేంజరస్ తెచ్చింది. మన పాలపుంత మొత్తం, దగ్గర దగ్గర 40,000 కోట్ల నక్షత్ర వ్యవస్థలు. అందులో ఇంధనం నక్షత్రాల దగ్గరే పట్టుకోవచ్చు, కానీ అన్ని నక్షత్రాలూ ఇయ్యవు. చూసుకోకుండ దుమికితే నడిమధ్యల ఆగిపోతవు. అట్ల ఆగిపోయినోళ్ల కోసం కొందరు ఆటగాళ్లు 2015 నుంచి ఫ్యూయల్ ర్యాట్స్ అని గుంపు కట్టిన్రు. ఎక్కడున్నా వచ్చి ఇంధనం ఇచ్చి పోతరు. పైసలు తీసుకోరు. ఊపిరి గాలి అయిపోతుంటే మొదలు వాళ్లు చెప్పేది, వెంటనే ఆటలోంచి బయటికి వచ్చి ఆగు, మేం వస్తున్నం అని. పాస్‌పోర్టు చేతిలో లేక రోడ్డు మీద పడ్డోడికి రూమ్‌లో చాప పరిచే మనోళ్లు నాకు యాదికొచ్చిన్రు.

పోవుడు ఒక ఎత్తు, తిరిగివచ్చుడు ఇంకో ఎత్తు. అది బాగా నేర్పింది కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. ఫెలిపె ఫలాంగె అనే బ్రెజిల్ మనిషి, మెక్సికోలో ఒక ప్రచారాల కంపెనీలో పనిచేసుకుంట మొదలుపెట్టిండు. 2011లో బయటికి వచ్చింది. రాకెట్ నువ్వే కట్టాలె. ఇంధనం ఎక్కువ పోస్తే బరువు పెరుగుతది, ఆ బరువు లేపడానికి మళ్లా ఇంధనం కావాలె. ఈ లెక్కను 1903లోనే సియోల్కోవ్‌స్కీ అనే రష్యా బడిపంతులు అచ్చు వేయించిండు. కెర్బల్ ఆడేవాళ్లలో చాలామంది మొదట చంద్రుడి దాకా పోతరు, దిగుతరు, అప్పుడు చూస్తే వాపసుకు చుక్క ఉండదు. ఆ మనిషిని తేవడానికి ఇంకో రాకెట్ కట్టాలె.

2020 మే నెలలో మా క్యాంపు గేటు బంద్. వందే భారత్ విమానాల లిస్టులో పేరు ఉందా అని అందరం ఫోన్లు చూసుకుంట కూర్చున్నం. అప్పుడే స్పేస్ఎక్స్ వాళ్లు తమ నౌకను అంతరిక్ష కేంద్రానికి కలిపే సిమ్యులేటర్‌ను ఇంటర్నెట్‌లో ఉత్తగనే పెట్టిన్రు. సిరిసిల్ల తమ్ముడు ఒకడు, పైప్‌ఫిట్టర్, మంచం మీద పండుకుని రోజూ అదే ఆడేటోడు. తెర మీద అంకెలను 0.2 కంటే తక్కువకు తేవాలె. ఒకసారి నెడితే నౌక పోతనే ఉంటది, ఆపాలంటే ఎదురు నెట్టాలె. లిస్టులో పేరు రావడానికి వాడు చేసేది ఏం లేదు, ఇక్కడ మాత్రం వాడి వేలు చెప్పినట్టు నౌక కదిలేది.

2023 ఆగస్టు 23న, శ్రీహరికోట నుంచి పోయిన చంద్రయాన్-3 దిగుతుంటే దుబాయ్ టైం సాయంత్రం 4:34. ఫోన్ తెర మీద చాలాసేపు చూసింది ఎత్తు, వేగం అంకెలే. అయినా ఎవరూ కన్ను తిప్పలే.

చూడాలనుకునేవాళ్లు ఆ స్పేస్ఎక్స్ దానితోనే మొదలుపెట్టుండ్రి, యాప్ అక్కర లేదు, బ్రౌజర్ చాలు. ల్యాప్‌టాప్ ఉంటే లండన్‌లో మార్టిన్ ష్వైగర్ 2000లో చేసిన ఆర్బిటర్ కూడా ఉత్తదే, కానీ అది కష్టం. స్టేషన్ దగ్గరికి వచ్చినంక బటన్ ఒక్కసారే ఒత్తి, చెయ్యి తీసి, అంకె చూడుండ్రి.