జెస్టర్: మాట ఎక్కడ పుట్టింది?

రాజుగారి కొలువులో నవ్వించేవాణ్ణి ఇంగ్లిషువాళ్లు ‘జెస్టర్’ అంటారు. మొదట్లో ఆ మాటకు అర్థం కథకుడు. లాటిన్‌లో ‘గెస్టా’ అంటే చేసిన ఘనకార్యాలు. పాత ఫ్రెంచిలో అదే వీరగాథలకు పేరైంది. విందుల్లో వాటిని వినిపించేవాడు జెస్టర్. 16వ శతాబ్దం నాటికి వీరం జారిపోయి వేళాకోళం మిగిలింది.

అంతకుముందు కొలువు హాస్యగాడి పేరు ‘ఫూల్’. దాని మూలమైన లాటిన్ మాట ‘ఫోలిస్’ అంటే కొలిమితిత్తి, లోపలంతా గాలే! గాలి మాట వచ్చింది కనుక రోలండ్ అనే హాస్యగాణ్ణి తలచుకోవాల్సిందే. 12వ శతాబ్దంలో, ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ కాలంలో, ఇతనికి సఫోక్‌లోని హెమింగ్‌స్టన్‌లో ఈనాం లాంటి భూమి ఉండేది. శిస్తు ఏమిటంటే, ఏటా క్రిస్మస్‌నాడు రాజు ఎదుట ఒక గెంతు, ఒక ఈల, ఒక అపానవాయువు. కట్టుకథ కాదు, భూముల లెక్కల్లో రాసుకున్నారు.

హాస్యగాళ్ల నోటికి మాత్రం హద్దుండేది. మొదటి చార్లెస్ కొలువులోని ఆర్చీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆర్చిబిషప్ లాడ్‌ను ఎగతాళి చేసి 1637లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తరువాత భూములు కొని, వడ్డీలకు అప్పులిస్తూ దర్జాగానే బతికాడు.