పేగును వీడి ఊపిరితిత్తులకు చేరిన వైరస్

1984లో బెల్జియం దేశపు పందుల మందలలో ఒక వింత బయటపడింది. ఏ జబ్బూ లేని మందలలో, విరేచనాల జాడైనా కనిపించని పందుల రక్తంలో, ఒక ప్రాణాంతకమైన పేగువ్యాధికి సంబంధించిన యాంటీబాడీలు ఉన్నట్లు పరీక్షలు తేల్చాయి. అయితే పరీక్ష తప్పై ఉండాలి, లేదా వ్యాధిని గురించి అంతవరకు తెలిసినదానిలో ఏదో లోపించి ఉండాలి.

ఆ వ్యాధి పేరు ట్రాన్స్‌మిసిబుల్ గ్యాస్ట్రోఎంటరైటిస్, క్లుప్తంగా టీజీఈ. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన డాయిల్, హచింగ్స్ 1946లో దీనిని తొలిసారిగా వర్ణించారు. దీనికి కారణం ఒక కరోనావైరస్. అది చిన్నపేగు లోపలి చూషకాలను నాశనం చేస్తుంది. తాగిన పాలు జీర్ణం కాక, వాంతులు, విరేచనాలతో ఒంట్లోని నీరంతా పోయి, రెండు వారాల లోపు పిల్లలు దాదాపు అన్నీ చనిపోతాయి. పెద్ద పందులు మాత్రం కొద్ది రోజులలో కోలుకుంటాయి.

పందిపిల్ల యాంటీబాడీలు లేకుండానే పుడుతుంది. తల్లి రక్తంలోని యాంటీబాడీలు మాయను దాటి బిడ్డకు చేరవు. ముర్రుపాలే దానికి తొలి రక్ష. 1970ల ఆరంభంలో ఒహాయో రాష్ట్రంలో ఎడ్వర్డ్ బోల్, లిండా సైఫ్ ప్రభృతులు చేసిన పరిశోధన ఇక్కడ ముఖ్యమైనది. కండరానికి ఇచ్చిన టీకా వల్ల తల్లి పాలలో ప్రధానంగా ఐజీజీ రకం యాంటీబాడీలు చేరాయి. పిల్లలకు కలిగిన రక్షణ అంతంతమాత్రమే. తల్లి పేగులోనే వైరస్ సోకినప్పుడు పాలలో ఐజీఏ రకం సమృద్ధిగా ఊరింది. ఆ పాలు తాగిన పిల్లలు బతికాయి. యాంటీబాడీ ఉన్నదా లేదా అన్నది మాత్రమే కాదు, అది ఏ రకానిది, ఎక్కడ పుట్టినది అన్న ప్రశ్న కూడా అవసరమని ఈ పని నిరూపించింది.

ఇక బెల్జియం చిక్కుముడి. అప్పటికి వాడుకలో ఉన్న పరీక్షలో పంది సీరమ్‌ను వైరస్‌తో కలిపి కణాలపై వేసేవారు. కణాలు చావకుండా నిలిస్తే ఆ సీరమ్‌లో యాంటీబాడీలు ఉన్నట్లు లెక్క. ఘెంట్ విశ్వవిద్యాలయంలో మారిస్ పెన్‌సార్ట్ బృందం జబ్బు లేని మందలలో వెతికి, 1986లో ఒక కొత్త వైరస్‌ను ప్రకటించింది. అది టీజీఈ వైరస్‌కు అతి దగ్గరి చుట్టమే. కాని దాని నివాసం పేగు కాదు, శ్వాసమార్గం. గాలి ద్వారా మంద నుండి మందకు పాకుతూ అది కొద్ది ఏళ్లలోనే ఐరోపా అంతటా వ్యాపించింది.

మార్పు ఎక్కడ జరిగిందో జన్యుపటం చూపింది. వైరస్ కొమ్ములను నిర్మించే స్పైక్ జన్యువు మొదటి భాగంలో ఆరు వందలకు పైగా న్యూక్లియోటైడులు జారిపోయాయి. ఆ తునకతో పాటే పేగులో నిలదొక్కుకునే శక్తి చాలావరకు పోయింది. మిగిలిన భాగం రెండింటికీ ఉమ్మడి కనుక పాత పరీక్ష వాటిని వేరు చేయలేకపోయింది. సజీవమైన పందులను కొనే దేశాలు టీజీఈ యాంటీబాడీలు లేవన్న ధ్రువపత్రం అడిగేవి. ఒక నిరపాయకరమైన వైరస్ సోకిన రైతు, తన మందలో అడుగే పెట్టని వ్యాధికి మూల్యం చెల్లించవలసిన పరిస్థితి ఏర్పడింది.

పరిష్కారం ఆ జారిపోయిన తునకలోనే దొరికింది. మోనోక్లోనల్ యాంటీబాడీలలో కొన్ని రెండు వైరస్‌లకూ అంటుకుంటాయి. కొన్ని టీజీఈ వైరస్‌లో మాత్రమే ఉన్న ఆ తునకకే అంటుకుంటాయి. పలకపై వైరస్‌ను పరచి, ముందుగా పంది సీరమ్‌ను, తరువాత ఈ మోనోక్లోనల్ యాంటీబాడీలను చేరుస్తారు. సీరమ్ ముందే ఆ చోటును ఆక్రమించి ఉంటే తరువాత వచ్చినదానికి తావుండదు. ఉమ్మడి చోటు నిండి, ప్రత్యేకమైన చోటు ఖాళీగా మిగిలితే సోకినది శ్వాసవైరస్. రెండు చోట్లూ నిండితే సోకినది టీజీఈ. దీనినే బ్లాకింగ్ ఎలైసా అంటారు. ఇది కూడా ఒక్కొక్క పందిపై తుది తీర్పు చెప్పగలిగేది కాదు. మందనంతటినీ కలిపి చూసినప్పుడే దీని మాట నమ్మదగినది.

కథకు మరొక మలుపు ఉంది. శ్వాసవైరస్ వల్ల పుట్టిన యాంటీబాడీలు టీజీఈని కూడా కొంతవరకు అడ్డుకుంటాయి. ఆ వైరస్ వ్యాపించిన తరువాత ఐరోపాలో టీజీఈ అరుదైపోయింది. ప్రయోగశాలలు కండరానికి టీకా ఇచ్చి సాధించలేనిదాన్ని ప్రకృతి ఒక తునకను తొలగించి చాలావరకు సాధించింది. రైతును తొలుత చిక్కులలో పడవేసిన ఆ యాంటీబాడీలే అతని పందిపిల్లలకు కాపుదల అయ్యాయి.

సీరమ్ పరీక్ష ఒక గతానికి సాక్ష్యం చెబుతుంది. ఆ గతం ఏ వైరస్‌ది, అది సోకినది పేగుకా ఊపిరితిత్తులకా అన్నది దానంతటదే చెప్పదు. "పాజిటివ్" అన్న ఒక్క మాట చదివి తీర్పు రాసే ప్రతి వైద్యునికీ, అతని ఎదుట ఉన్నది పందైనా మనిషైనా, బెల్జియం మందలు నేర్పిన పాఠం వర్తిస్తుంది.