కోతికి మనమేమవుతాం?



వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళ ఇంత బరువైన సంగతి ఎత్తుకుందేమిటని విసుక్కోకండి. ఇది మా ఇంటి పెరట్లో పుట్టిన ప్రశ్నే.

మా మహబూబ్‌నగరంలో కోతుల బెడద మీకు తెలియంది కాదు. మొన్నొకనాడు మిద్దె మీద ఎండబోసిన వడియాల మీద మంద వచ్చి పడింది. నేను కర్ర పట్టుకుని తరుముతుంటే పదో తరగతి చదివే మా అమ్మాయి పకపకా నవ్వి, "అమ్మా, చుట్టాలను అట్ల కొడ్తరా?" అన్నది. మా అత్తమ్మకు కోపం వచ్చింది. "హనుమంతుడని దండం పెడ్తం గని, చుట్టాలేందే పిల్లా?" అన్నది.

"మనుషులు కోతులకెళ్ళి పుట్టిన్రట నానమ్మా."

"గట్లయితే ఈ కోతులన్నీ ఇంకా కోతులుగనే ఎందుకున్నయ్?"

అమ్మాయి నా మొహం చూసింది. నేను గోడ మొహం చూశాను. "మీ పుస్తకంలో ఏమున్నదే?" అంటే, "మా పుస్తకంల లేదమ్మా, తీసేసిన్రు. ఫోన్ల చూసిన" అన్నది.

నాకు నా పదో తరగతి గుర్తుకొచ్చింది. మాకు పుస్తకంలో ఆ పాఠం ఉండేది. అయితే అక్కడికి వచ్చేసరికి సారు, "ఈ పేజీలు కొట్టేయండి, పరీక్షకు రావు" అన్నారు. మేమంతా బుద్ధిగా పెన్సిలుతో అడ్డగీతలు గీసుకున్నాం. బడి మంచిదే, సారూ మంచివారే. మేం పాసయ్యాం కూడాను. తెలియనిదల్లా ఆ గీతల కింద ఏముందో!

అత్తమ్మ అడిగింది చదువు లేని వాళ్ళ ప్రశ్న అని నవ్వకండి. 2018 జనవరిలో కేంద్ర మానవ వనరుల శాఖ సహాయమంత్రి సత్యపాల్ సింగ్ గారు, కోతి మనిషిగా మారడం మన పూర్వులెవరూ చూడలేదనీ, డార్విన్ సిద్ధాంతం తప్పనీ సభలో అన్నారు. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు వెంటనే, ఆ మాట సరికాదనీ, ఈ పాఠాన్ని చదువుల్లోంచి తీసేస్తే వెనకడుగేననీ ప్రకటించాయి. అయినా 2023లో ఎన్‌సీఈఆర్‌టీ వారి పదో తరగతి సైన్సు పుస్తకంలో 'అనువంశికత - పరిణామం' అనే పాఠం ఒట్టి 'అనువంశికత'గా మిగిలింది. కరోనా తర్వాత పిల్లలకు బరువు తగ్గించామనీ, పన్నెండో తరగతిలో ఆ పాఠం ఉండనే ఉందనీ వారు చెప్పారు. కానీ పది తర్వాత జీవశాస్త్రం తీసుకునే పిల్లలెందరు? లెక్కలకూ కామర్సుకూ వెళ్ళేవాళ్ళకు ఆ పేరు చెవిన పడే చివరి మెట్టు పదో తరగతే గదా. 1800 మందికి పైగా శాస్త్రజ్ఞులూ, ఉపాధ్యాయులూ అది తప్పని సంతకాలు చేశారు.

సరే, ప్రశ్న మాటేమిటి? పక్కింటి వదిన కొడుకు సర్కారు బడిలో చదివిన జీవశాస్త్రం పుస్తకం, 2014లో మన రాష్ట్రం వేసింది, అటక మీద ఉంటే దింపించాను. అందులో ఉంది, శుభ్రమైన తెలుగులో. రెండు మధ్యాహ్నాలు కూర్చుని చదివి అత్తమ్మకు ఇలా చెప్పాను.

"అత్తమ్మా, నేనూ, మా పెదనాయన బిడ్డా ఒక్క తాతకు మనుమరాళ్ళం. నేను ఆమె కడుపున పుట్టలేదు. నేను పుట్టిన్నని ఆమె లేకుంట పోదు గదా? కోతులూ మనమూ గట్లనే." చింపాంజీలకూ మనకూ ఉమ్మడి పూర్వీకులు ఇంచుమించు 60, 70 లక్షల ఏళ్ళ కిందట ఉన్నారట. వడియాలు ఎత్తుకుపోయే మన మిద్దె కోతులతో చుట్టరికం ఇంకా దూరం, రెండున్నర కోట్ల ఏళ్ళ నాటి మాట. కోతి మనిషి కాలేదు. ఒక ఇంటి నుంచి వేరుపడ్డ పాలివాళ్ళం, అంతే.

వేరుపడటం ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి మన పాలమూరు గొర్రెల మంద చాలు. ఇక్కడి దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితోనే గొంగళ్ళు నేసేవారు. కురుమలు ఉన్ని బాగున్న పొట్టేలును మందలో ఉంచుకుని, బాగాలేనిదాన్ని అమ్ముకునేవారు. తరాల మీద మందంతా ఉన్ని గొర్రెలైంది. తర్వాత గొంగడికి గిరాకీ తగ్గి మాంసానికి పెరిగాక, ఉన్ని లేని నెల్లూరు పొట్టేళ్ళు వచ్చాయి. మంద రూపే మారిపోయింది. డార్విన్ కూడా ఇంట్లో పావురాలు పెంచి, పెంపకందార్లు జతలు ఎంచే తీరు చూసి, తన పుస్తకం మొదట్లోనే ఆ సంగతి రాశాడు. మందలో కాపరి చేసే ఎంపికను అడవిలో ఎండా, ఆకలీ, రోగమూ చేస్తాయి. తట్టుకున్నదానికి పిల్లలు మిగులుతాయి. లక్షల ఏళ్ళు గడిస్తే జాతే మారుతుంది.

ఇది తెలుసుకుని మనకు ఒరిగేదేమిటంటారా? కిందటేడు మా అత్తమ్మకు మూత్రంలో చీము చేరి జ్వరం వచ్చింది. అంతకుముందు రెండుసార్లు అలాగే వస్తే, మందుల దుకాణంలో అడిగి గోలీలు తెచ్చి, జ్వరం తగ్గగానే ఆపేసినదాన్ని నేనే. ఈసారి అవే గోలీలు పనిచేయలేదు. ఆస్పత్రిలో పడకేశాం. రెండు రకాల మందులు మార్చారు. మూడో రాత్రి ఆమె మనుషులను గుర్తుపట్టలేదు. పరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ, "ఈ క్రిములు ఆ మందులకు లొంగవమ్మా" అన్నది. "క్రిములు అంత తెలివి ఎట్లా నేర్చుకున్నయ్ డాక్టరమ్మా?" అని అడిగాను. "నేర్చుకోలేదు. లొంగేవన్నీ చచ్చాయి, లొంగనివి కొన్ని మిగిలాయి. వాటి పిల్లలు కూడా లొంగవు" అన్నది.

నాలుగో మందుకు జ్వరం దిగింది. అత్తమ్మ దక్కింది. కానీ ఆ వరండాలో కూర్చున్నప్పుడు తెలియలేదు, ఇప్పుడు ఆ పాత పుస్తకం చదివితే తెలిసింది: అది పదో తరగతిలో నేను గీత కొట్టుకున్న పాఠమే! పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడే ఈ హెచ్చరిక చేశాడు, చాలీచాలని మోతాదు వాడితే క్రిములు మొండిబారతాయని. చీటీ లేకుండా గోలీలు తేవడమూ, డాక్టరు చెప్పినన్నాళ్ళు వాడకపోవడమూ ఎందుకు తప్పో ఆ పాఠం చదివిన తల్లికి వేరే చెప్పనక్కర్లేదు.

అయితే దేవుడి మాటేమిటని మా అత్తమ్మ అడగనే అడిగింది. దానికి డార్విన్ ఇంటి కథే జవాబు చెప్పాను. ఆయన చేసుకున్నది స్వయానా మేనమామ కూతురు ఎమ్మాను. మన మేనరికమే! వాళ్ళకు పదిమంది పిల్లలు. ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. పదేళ్ళ ఆనీ 1851లో పోయిన దుఃఖం ఆ ఇంటిని చాలాకాలం వదల్లేదు. దగ్గర సంబంధాల వల్ల పిల్లలకు నలతేమోనని ఆయనకు బెంగ. 1871 జనాభా లెక్కల్లో మేనరికాల గురించి అడిగించమని కోరాడు కూడా. పార్లమెంటు ఒప్పుకోలేదు.

ఎమ్మా గొప్ప భక్తురాలు. భర్త రాసేది ఆమె నమ్మకానికి ఎదురు. అయినా 1844లో ఆయన తన సిద్ధాంతం రాసి పెట్టి, తాను హఠాత్తుగా పోతే 400 పౌన్లు ఖర్చుపెట్టి అచ్చు వేయించమని ఉత్తరం రాసింది ఎవరికనుకున్నారు? ఎమ్మాకే. ఆమె ఆ రాతప్రతి చదివింది. కన్ను ఎలా ఏర్పడిందో చెప్పిన చోట, ఇది చాలా పెద్ద ఊహ సుమా అని కాగితం అంచున రాసింది. చింపలేదు, దాచలేదు. ఆయన పదిహేనేళ్ళు ఇంకా రుజువులు పోగుచేసి 1859లో పుస్తకం వేసినప్పుడు, కన్ను గురించిన చిక్కును తానే ఎత్తుకుని జవాబు చెప్పాడు. ఆమె పూజ ఆమె చేసుకుంది, ఆయన పని ఆయన చేసుకున్నాడు.

ఇదంతా దొరల దేశపు ముచ్చట అనుకుంటారేమో. మన పక్క నల్లగొండ జిల్లాలోని మునగాల పేరు విన్నారు గదా. ఇప్పుడది సూర్యాపేట జిల్లా. ఆ రోజుల్లో చుట్టూ నైజాం ఇలాకా, నడుమ ఆ పరగణా మాత్రం ఇంగ్లీషు ఏలుబడిలోని కృష్ణా జిల్లాది. ఆ సంస్థానానికి దివాను కొమర్రాజు లక్ష్మణరావు గారు. ఇంగ్లీషు రానివాళ్ళకు లోకజ్ఞానం అందాలని గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు వంటి మిత్రులతో 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. చరిత్రలతోపాటు రసాయనం, జీవశాస్త్రం తెలుగులో అచ్చువేశారు. జీవశాస్త్రం రాసింది డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళిన రుక్మిణమ్మ గారి భర్త ఆయన. లక్ష్మణరావు గారి అక్కగారే భండారు అచ్చమాంబ. బడి మొహం చూడకపోయినా తమ్ముడి చదువు పక్కన కూర్చుని నేర్చుకుని, స్త్రీల చరిత్రలు రాసిందామె. తమ్ముడు తెలుగులో శాస్త్రం కావాలని అంతగా తపించాడంటే, అక్క కూర్చున్న ఆ చోటు ఆయన కళ్ళముందు ఉండే ఉంటుందని నాకనిపిస్తుంది.

మన ఇలాకాలో మాత్రం ఆ పుస్తకాలు బడికి చేరలేదు. నైజాం పాలనలో పెద్ద చదువంతా ఉర్దూలోనే. మా తాత లెక్కలూ శాస్త్రమూ ఉర్దూలోనే బట్టీపట్టి, ముసలితనంలోనూ గడగడా అప్పజెప్పేవాడు. అర్థమేంది తాతా అంటే, "అర్థం ఎవడడిగిండు బిడ్డా?" అనేవాడు. ఆయనకు భాష అడ్డు. నాకు పరీక్ష అడ్డు. మా అమ్మాయికి పుస్తకమే అడ్డు. మూడు తరాలకూ మూడు అడ్డుగోడలు!

అందుకే అక్కలారా, ఒక్క మాట. మీ పిల్లల సైన్సు పుస్తకంలో గీతలు కొట్టిన పేజీ ఉంటే, సాయంత్రం దీపం పెట్టాక దాన్ని మీరు చదవండి. పేజీ లేకపోతే ఎవరింటి అటక మీదనో పాత పుస్తకం ఉంటుంది, తెప్పించుకోండి. పట్నం వెళ్ళినప్పుడు బిర్లా మ్యూజియంలో పాత ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లి ఎముకలు చూపించండి. 16 కోట్ల ఏళ్ళకు పైబడ్డ జీవం, మన గోదావరి గడ్డదే. "ఇది మనకెట్ల తెలిసింది?" అని పిల్లలడిగితే కసరకండి. నమ్మబుద్ధి కాకపోతే ఎమ్మాలాగా అంచున మీ ప్రశ్న రాసుకోండి. పేజీ మాత్రం కొట్టేయకండి.

నిన్న మళ్ళీ కోతులు వచ్చాయి. అత్తమ్మే కర్ర తీసుకుని, "పొండ్రి, పాలివాళ్ళయితే మాత్రం, చెప్పకుంట వడియాలు ఎత్తుకపోతరా?" అన్నది.

ఇక సెలవు.